రోట్లో నూరితే దొరికిన ఆక్సిజన్

దసరాకి నల్గొండ వచ్చినప్పుడల్లా అమ్మ అడిగేది ఒకటే, "ల్యాబ్‌ల ఏం చేస్తవ్ బిడ్డా?" అని. ఈసారి, నువ్వు రోట్లో పచ్చడి నూరినట్టే నేనూ నూరుతానమ్మా అన్నాను.

అబద్ధం కాదు. పదార్థాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి, అందులో పరమాణువులు ఎలా అమరాయో చూసే ఎన్‌ఎంఆర్ అనే పద్ధతికి మామూలు ఆక్సిజన్-16 అసలు కనిపించదు, కనిపించే ఆక్సిజన్-17 ఏమో ప్రకృతిలో 0.038 శాతమే, అంటే పదివేల పరమాణువుల్లో నాలుగు కూడా లేవు. అందుకే పదార్థంలోకి మనమే దాన్ని ఎక్కించాలి. ఆ ఐసోటోప్ (బరువులో కాస్త తేడా ఉన్న ఆక్సిజన్ రకం) ఉన్న నీళ్లు విపరీతమైన ఖరీదు, వాటిని ధారాళంగా పోసి మరగబెట్టడమంటే నాకు ప్రాణం పోయినట్టే.

2017లో ఫ్రాన్స్‌లోని మోంపెల్లియే నగరం పరిశోధకులు బాల్‌మిల్ అనే నూరే యంత్రంతో ఈ పని తేలిక చేసి చూపించారు. చిన్న జార్‌లో పొడి, గోళీలు, కొన్ని మైక్రోలీటర్ల నీళ్లు వేసి సెకనుకు పాతికసార్లు ఊపితే ఆ రాపిడికే రసాయన చర్య జరిగిపోతుంది. పొడిసున్నంలో నీళ్లు కలిపితే తడిసున్నం అవుతుంది కదా, అదే చర్యని ఈ నీళ్లతో చేస్తే ఆక్సిజన్-17 సరాసరి సున్నంలోకి చేరుతుంది. నూనెలు, కొవ్వుల్లో ఉండే ఫ్యాటీ ఆసిడ్లు అంత తొందరగా లొంగవు, వాటిని ముందు కార్బొనిల్‌డైఇమిడజోల్ అనే రసాయనంతో నూరి రెచ్చగొట్టి, ఆ తర్వాతే నీళ్లు వేయాలి.

మొదటిసారి నేను జార్ సరిగా ఆరబెట్టలేదు. లోపలి మామూలు తడి కలిసి సిగ్నల్ బాగా పడిపోయింది, రెండు రోజులు ఒకటే టెన్షన్. అమ్మకిది చెప్తే, "రోలు తుడవకుండ ఎవరన్న నూర్తరా?" అంది.