పాత డీవీడీ రిమోట్‌తో రాస్‌ప్‌బెర్రీ పై: నా అనుభవం

నిన్న రాత్రి పని పూర్తయింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. కొన్నాళ్లు పోతే ఏ ఫైలు ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండదు.

మా ఇంట్లో రాస్‌ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఒకటి ఉంది. దానికి హార్డ్ డిస్క్ తగిలించి, కోడీ (సినిమాలు ప్లే చేసే సాఫ్ట్‌వేర్) వేసి, టీవీకి కలిపాను. నాన్నగారి పాత సినిమాలన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్‌లో యాప్ పెట్టి ఇదే రిమోట్ అంటే ఆయన ఒప్పుకోలేదు. "బటన్ నొక్కినట్టు వేలికి తెలియాలిరా" అన్నారు. న్యాయమే. అటక మీద డీవీడీ ప్లేయర్ ఎప్పుడో చచ్చిపోయింది కానీ దాని రిమోట్ మాత్రం నిక్షేపంలా ఉంది. పెద్ద పెద్ద బటన్లు, అంకెలు కూడా చెరగలేదు.

మీ టీవీకి హెచ్‌డీఎంఐ సీఈసీ ఉంటే ఈ గొడవంతా మీకు అక్కర్లేదు. టీవీ రిమోటే హెచ్‌డీఎంఐ తీగ గుండా కోడీని నడిపేస్తుంది. మా టీవీకి అది లేదు. అయినా ఆ సీఈసీ అన్న పేరు కాస్త గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది అదే.

ముందు రిమోట్ బతికుందో లేదో చూడాలి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రిమోట్ మూతిని దానివైపు పెట్టి బటన్ నొక్కితే, కంటికి కనిపించని వెలుగు తెర మీద లేత ఊదారంగులో మినుకుమినుకుమంటుంది. వెనక కెమెరాతో చూస్తే చాలా ఫోన్లలో కనిపించదు, దానికి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. అది చూసి "పాడైపోయింది" అని రిమోట్‌ని పారేసేవాళ్లున్నారు.

తర్వాత రిసీవర్, అంటే రిమోట్ వెలుగుని పట్టుకునే మూడు కాళ్ల చిన్న భాగం. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక షాపుకెళ్లి టీసాప్ 38238 అడిగాను. షాపాయన డబ్బాలో చెయ్యి పెట్టి ఏదో తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. అక్కడే ఫోన్‌తో జూమ్ చేసి చూస్తే అది 1738. "అన్నా, ఇది వేరే నంబరు" అంటే, "అన్నీ ఒకటే అన్నా, పెట్టుకోపో" అన్నాడు. ఒకటి కాదు. 38238కి 2.5 వోల్టుల నుంచి సరిపోతుంది, 1738కి కనీసం 4.5 కావాలి. 1738కి 5 వోల్టులిస్తే దాని అవుట్‌పుట్ కూడా 5 వోల్టులే, రాస్‌ప్‌బెర్రీ పై సిగ్నల్ పిన్నులేమో 3.3 వోల్టులవి, 5 తగిలితే తట్టుకోవు. పైగా కాళ్ల వరుస కూడా వేరు. 38238లో అవుట్‌పుట్, గ్రౌండ్, పవర్ అని వస్తే, 1738లో గ్రౌండ్, పవర్, అవుట్‌పుట్ అని వస్తుంది. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదాన్ని తగిలిస్తే అంతే సంగతులు. ఇదంతా కౌంటర్ దగ్గర నిలబడి చెప్తుంటే వెనక ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. "ఇంత చిన్నదానికి ఇంత పంచాయితీ ఏంది అన్నా" అని కూడా అన్నాడు షాపాయన. నేను కదల్లేదు. చివరికి లోపలి గదిలోంచి అసలుది బయటికొచ్చింది. కొనేవాడికి డేటాషీట్ చదవడం రాదులే అన్న నమ్మకంతోనే సగం షాపులు నడుస్తున్నాయి. మీరు మాత్రం నంబరు చూడకుండా డబ్బులివ్వకండి.

తీగలు కలపడం అయిదు నిమిషాల పని. పవర్ ఒకటో పిన్నుకి, గ్రౌండ్ ఆరో పిన్నుకి, అవుట్‌పుట్ పన్నెండో పిన్నుకి. ఆ పన్నెండోదాన్నే సాఫ్ట్‌వేర్ జీపీఐఓ 18 అంటుంది.

సెట్టింగుల దగ్గర యూట్యూబ్ వాళ్లకి ఒక మాట చెప్పాలి. అయ్యా, వీడియోలో ఏ ఏడాది, ఏ వెర్షన్ అన్నది నోటితో చెప్పండి. నేను చూసినవన్నీ లిర్క్-ఆర్పీఐ అనే మాడ్యూల్ (రిసీవర్‌ని నడిపే డ్రైవర్) వేయమంటాయి. రాస్‌ప్‌బెర్రీ పై కెర్నెల్ (సిస్టంకి గుండెకాయ) 4.19 వచ్చినప్పుడే దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు దాని స్థానంలో జీపీఐఓ-ఐఆర్ అనే ఓవర్లే (ఏ పిన్నుకి ఏం తగిలించామో సిస్టంకి చెప్పే సెట్టింగు) ఉంది. కాన్ఫిగ్ ఫైల్లో దాని పేరు, పిన్ నంబరు 18 రాసి రీబూట్ చేస్తే చాలు. ఆ ఫైలు కూడా 2023లో వచ్చిన బుక్‌వార్మ్ అనే సిస్టం వెర్షన్ నుంచి బూట్ ఫోల్డర్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత చోట తెరిస్తే "నన్ను ముట్టుకోకు, అసలు ఫైలు అక్కడుంది" అని రాసి ఉంటుంది.

ఐఆర్-కీటేబుల్ అనే ప్యాకేజీ వేసి, అన్ని ప్రోటోకాల్స్ (రిమోట్లు మాట్లాడే భాషలు) ఆన్ చేసి, టెస్ట్ మోడ్‌లో పెట్టి రిమోట్ నొక్కాను. టకటకా లైన్లు పడ్డాయి. ఎన్ఈసీ ప్రోటోకాల్. మన దగ్గర దొరికే చవక రిమోట్లలో చాలా భాగం ఇదే. నొక్కగానే ముందు 9 మిల్లీ సెకన్ల పాటు వెలుగు, తర్వాత 4.5 మిల్లీ సెకన్ల ఖాళీ, ఆ తర్వాత 32 బిట్లు. ఆ వెలుగు కూడా ఊరికే వెలగదు, సెకనుకి 38 వేల సార్లు కొట్టుకుంటుంది. ఎండ, బల్బుల వెలుతురు మధ్యలో రిసీవర్ దీన్ని విడిగా పట్టుకోగలిగేది అందుకే. ఒక్కో బటన్‌కి వచ్చిన కోడ్ కాగితం మీద రాసుకుని, ఒక ఫైల్లో ఎడమవైపు కోడ్, కుడివైపు కీ పేరు పెట్టాను. మధ్య బటన్‌కి "ఓకే" కీ కన్నా "ఎంటర్" కీ పెట్టుకోండి, తలనొప్పి తక్కువ.

ఇక అసలు కథ. ఆ కీల ఫైలు రాస్‌ప్‌బెర్రీ పై లేచిన ప్రతిసారీ లోడ్ అవ్వాలి. లేకపోతే రిసీవర్ ఆర్‌సీ-6 అనే వేరే ప్రోటోకాల్ కోసం చూస్తూ కూర్చుంటుంది, మన ఎన్ఈసీ రిమోట్‌ని పట్టించుకోదు. లోడ్ చేసేటప్పుడు ఏ రిసీవర్‌కో చెప్పాలి. ఐఆర్-కీటేబుల్ చూపించే లిస్టులో చూస్తే ఆర్‌సీ0, ఆర్‌సీ1, ఆర్‌సీ2 అని మూడున్నాయి. మూడోది నాది. బూట్ అయ్యేటప్పుడు ఆర్‌సీ2కి లోడ్ చెయ్యమని ఒక సర్వీస్ రాశాను. రీబూట్ చేశాను, పని చేసింది. నాన్నగారు కూడా నొక్కి చూసి "బాగుందిరా" అన్నారు.

ఆదివారం అత్తగారి వాళ్లు భోజనానికి వచ్చారు. అందరూ సోఫాల్లో సర్దుకున్నాక "చూడండి, మావాడే చేశాడు" అని నాన్నగారు రిమోట్ ఎత్తి నొక్కారు. ఏమీ లేదు. మళ్లీ నొక్కారు. లేచి టీవీ దగ్గరికెళ్లి మరీ నొక్కారు. నేను బ్యాటరీలు మార్చాను, ట్యూబ్‌లైట్ ఆపాను, కర్టెన్లు వేశాను. ఎండ పడుతోందేమో అని మా అత్తగారు తన వంతుగా కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. మా బావమరిది అయిదు నిమిషాలు చూసి, తన ల్యాప్‌టాప్ బ్యాగులోంచి వైర్‌లెస్ మౌస్ తీసి, రాస్‌ప్‌బెర్రీ పైకి గుచ్చి, సినిమా పెట్టేశాడు. "బావా, బ్లూటూత్ రిమోట్ కొంటే అయిపోయేది కదా" అన్నాడు, అదీ మా ఆవిడ ముందు. సినిమా అయ్యేదాకా నేను వంటింట్లోనే తచ్చాడాను.

వాళ్లు వెళ్లాక టెస్ట్ మోడ్ పెట్టి చూశాను. "కీ నొక్కండి, ఆపాలంటే కంట్రోల్ సీ కొట్టండి" అన్న లైను, దాని కింద కొట్టుకునే కర్సర్. అంతే. రిసీవర్ పోయిందనుకుని మల్టీమీటర్ పెట్టాను. ఏమీ నొక్కనప్పుడు అవుట్‌పుట్ కాలు దగ్గర 3.3 ఉండాలి, ఉంది. రిమోట్ నొక్కితే కాస్త తగ్గి ఊగాలి, ఊగుతోంది. అంటే రిసీవర్ బంగారంలా పని చేస్తోంది, వినేవాడే లేడు.

లిస్టు మళ్లీ తీశాను. ఈసారి పేర్లు కూడా చదివాను. నా రిసీవర్ ఆర్‌సీ0 దగ్గరుంది! ఆర్‌సీ1, ఆర్‌సీ2 రెండూ హెచ్‌డీఎంఐ సీఈసీలు. రాస్‌ప్‌బెర్రీ పై 4కి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి కాబట్టి రెండు సీఈసీలు, వాటినీ సిస్టం రిమోట్ రిసీవర్లుగానే లెక్కేస్తుంది. టీవీకి సీఈసీ ఉందా లేదా అన్నది దానికి అక్కర్లేదు. లేచేటప్పుడు ఏ డ్రైవర్ ముందు లోడైతే దానికి ముందు నంబరు. ఒకరోజు నాది సున్నా, ఒకరోజు రెండు. రీబూట్ చేసి చూస్తే మళ్లీ మారింది. ఎవరు ముందొస్తే వాళ్లకి సీటు, మన పల్లెవెలుగు బస్సులాగా. ఈ ముక్క నేను చూసిన ఏ వీడియోలోనూ లేదు.

మందు చిన్నదే. నేను రాసిన సర్వీస్ తీసేశాను. ఈటీసీ ఫోల్డర్‌లో ఆర్‌సీ-మ్యాప్స్ అనే కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. అందులో ఒక్క లైను: మొదట డ్రైవర్ పేరు, అంటే జీపీఐఓ-ఐఆర్-రిసీవ్ (లిస్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే), తర్వాత ఒక నక్షత్రం గుర్తు, చివర మన కీల ఫైలు పేరు. ఇక నంబరుతో పని లేదు. ఆ డ్రైవర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ మన కీలు వాటంతటవే లోడవుతాయి. రీబూట్ చేశాను, కరెంటు తీసి పెట్టాను, హెచ్‌డీఎంఐ తీగ పీకి మళ్లీ గుచ్చాను. ఏం చేసినా రిమోట్ పని చేస్తోంది. బావమరిదికి వీడియో తీసి పంపాను. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

రిమోట్ మీది ఎర్ర పవర్ బటన్‌కి మాత్రం షట్‌డౌన్ పెట్టకండి. రాస్‌ప్‌బెర్రీ పై ఒకసారి పూర్తిగా ఆగిపోతే రిమోట్ మాట వినడానికి లోపల ఎవరూ మెలకువగా ఉండరు, మళ్లీ ఎవరో ఒకరు లేచి స్విచ్ వెయ్యాల్సిందే. నేను దానికి సినిమా ఆపే స్టాప్ కీ పెట్టాను.