పట్నం అంటే హైదరాబాదే

మా నర్సంపేట వైపు పల్లెల్లో ఎవరైనా "పట్నం పోతున్న" అన్నారంటే హైదరాబాద్‌కే అని లెక్క, ఏ పట్నమని ఎవరూ అడగరు. దగ్గర్లోని పెద్ద ఊరు వరంగలే అయినా దాన్ని పట్నం అనరు. మా బాపమ్మ మాత్రం చివరిదాకా ఓరుగల్లు అనే పిలిచింది. ఓరుగల్లు అంటే ఒకే రాయి, కోటలో ఉన్న ఆ ఒంటిరాతి గుట్టను బట్టి వచ్చిన పేరని చెప్తారు, దాన్నే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. ఇప్పుడు వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిపి ట్రైసిటీ అంటున్నారు. పిలవడానికి సులువే. కానీ 1591లో కట్టిన హైదరాబాద్ కన్నా ఎంతో ముందే, కాకతీయుల కాలంలోనే ఉన్న పేరును ఎట్లా వదులుకుంటాం? నేను మా పిల్లలతో ఓరుగల్లు అనే అంటాను, వాళ్లూ అట్లనే అంటున్నారు.