ఇంకా ఇక్కడే ఉన్నామండీ

శుక్రవారం. ఉగాదికి ఇంకా ఆరు రోజులు.

పొద్దున ఏడైంది, డికాక్షన్ ఇంకా దిగలేదు, చియాంగ్ మాయ్ నుంచి నా స్నేహితురాలి ఫోన్. వాళ్ళు మనకన్నా గంటన్నర ముందుంటారు కాబట్టి నేను లేచి ముఖం కడుక్కునేలోపు దానికి సగం పొద్దు గడిచిపోయి ఉంటుంది. బ్యాంకులో పద్దెనిమిదేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. రిటైరయ్యాక మొగుడూ పెళ్ళామూ చెన్నై టీ నగర్ ఫ్లాటు అద్దెకిచ్చేసి థాయిలాండ్ వెళ్ళిపోయారు. ఏడాదిన్నర కావస్తోంది. అప్పటినుంచి మా ఆయనకి కూడా అక్కడికి వెళ్ళిపోదామని పురుగు కుట్టింది.

"వాకింగ్ అయిందా?" అంటే "వాకింగా, మాస్కు పెట్టుకుని తలుపులన్నీ మూసుకుని కూర్చున్నా" అంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ కాలం. చుట్టూ అడవులు, పొలాల్లో కోత మిగుళ్ళు తగలబెడతారు, ఊరేమో కొండల మధ్య గిన్నెలో ఉన్నట్టుంటుంది, పొగ ఎటూ పోదు. బాల్కనీలోంచి డోయ్ సుతేప్ కొండ కనబడుతుందని నెలకి రెండు వేల బాట్లు ఎక్కువిచ్చి మరీ ఆ ఫ్లాటు తీసుకున్నారు. మూడు వారాలుగా కొండ లేదట. అద్దె మాత్రం తగ్గించలేదే అని నవ్వింది.

తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది, అదీ నన్ను రోజంతా వదల్లేదు. కూరగాయల సంతలో వేపపువ్వు! లేత చిగుళ్ళతో కలిపి కట్టలు కట్టి అమ్ముతున్నారు. సదావ్ అంటారట, ఉడకబెట్టి చింతపండు వేసిన తియ్యటి చేపల పులుసులాంటి దాంట్లో నంజుకు తింటారట. ఉగాది ఊసే లేని చోట వేపపువ్వు కట్టల లెక్కన దొరుకుతోంది, నేనేమో నిరుడు వెస్ట్ మాంబళంలో పక్క వీధి వాచ్‌మన్‌ని బతిమాలి, వాళ్ళ కాంపౌండ్‌లోని చెట్టు కొమ్మ దులిపించుకుని తెచ్చుకున్నా. కొట్లో ఎండు వేపపువ్వు దొరుకుతుంది కానీ చారుకి బాగుంటుంది గానీ పచ్చడికి అది కుదరదు. మామిడికాయ, చింతపండు, బెల్లం లాంటిదేదో, అన్నీ అక్కడున్నాయి. అంటే తిండి సాకు చెప్పి తప్పించుకోవడానికి ఇక లేదు.

కాఫీ తాగుతూ మా ఆయన లెక్కల పుస్తకం తెరిచారు. పాత కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్‌లో మిగిలిన కాగితాలవి. రోజూ రాత్రి ఎవరో ఒక అమెరికా పెద్దాయన వీడియో చూస్తారు, ఆయన ఈత కొలను పక్కన కుర్చీ వేసుకుని ఇంత తక్కువలో ఇంత హాయి అంటాడు, ఈయన ఇక్కడ తల ఊపుతారు. నేను వద్దనడం లేదు. చెన్నైలో మే నెల అంటే నాకూ భయమే, మా వీధిలో వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు. కానీ ఆ అమెరికాయన పెన్షన్ డాలర్లలో వస్తుంది మహానుభావా! చవక అనేది ఊరి గుణం కాదు, మన జేబులో ఏ దేశం నోటు ఉందో దాని గుణం.

ఇవాళ పెన్ను పట్టుకుని కూర్చుని నేనే వేశాను. యాభై నిండినవాళ్ళకి అక్కడ రిటైర్మెంట్ మీద ఉండనిస్తారు, ఏడాదికోసారి పొడిగించుకోవాలి. దానికి థాయ్ బ్యాంకులో 8 లక్షల బాట్లు డిపాజిట్ చూపించాలి, లేదా నెలకి 65,000 బాట్ల ఆదాయం. బాట్ రెండున్నర రూపాయల పైమాటే. అంటే డిపాజిట్ 20 లక్షలు దాటుతుంది, నెల ఆదాయమైతే లక్షా అరవై వేల పైన. మా ఇద్దరి పెన్షన్లూ కలిపినా లక్షా పది దాటదు! అక్కడ నెలంతా బతకడానికి అంత అవసరం లేదు, కానీ గుమ్మం దాటాలంటే అంత ఉన్నట్టు చూపించాలి. డిపాజిట్ దారిలో వెళ్తే ఆ డబ్బు పొడిగింపుకి రెండు నెలల ముందునుంచి, తర్వాత మూడు నెలల దాకా కదలకూడదు, మిగతా రోజుల్లోనూ 4 లక్షల బాట్లకి తగ్గకూడదు. మన డబ్బే, ముట్టుకోకూడదు, అమ్మమ్మ ఇనప్పెట్టెలో కాసులపేరు మాదిరి.

ఇల్లు కొనుక్కుందాం, ముందు కరివేపాకు చెట్టు వేసుకుందాం అన్నారు. విదేశీయుడి పేరు మీద అక్కడ నేల రాదు. ఫ్లాటైతే రాస్తారు, అదీ ఒక బిల్డింగ్‌లో విదేశీయులందరికీ కలిపి మొత్తం వైశాల్యంలో 49 శాతం దాకే. కరివేపాకు కుండీలోనే అన్నాను. మూతి ముడుచుకున్నారు.

పదకొండింటికి బ్యాంకుకి వెళ్ళాను, నా బ్యాంకుకే, కాకపోతే కౌంటర్ అవతలి వైపుకి. ఈ అవతలి వైపు కుర్చీ ఎంత ఎత్తు తక్కువో ఇన్నేళ్ళు నాకు తెలీదు. కుర్రాఫీసరు చెప్పినవన్నీ ఒకప్పుడు నేను దుబాయ్ వెళ్ళేవాళ్ళకి గడగడా చెప్పినవే. శాశ్వతంగా బయట ఉంటే పొదుపు ఖాతా ఎన్ఆర్ఓగా, అంటే బయట ఉండేవాళ్ళ ఖాతాగా మార్చాలి, దాని వడ్డీ మీద 30 శాతం టీడీఎస్, టీడీఎస్ పట్టుకోవద్దని ఏప్రిల్ రాగానే ఇచ్చే ఫారం పనిచెయ్యదు, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ కొత్తగా తెరవడానికి లేదు. 12 లక్షల దాకా పన్ను లేదని సంబరపడ్డామే, ఆ రిబేటు కూడా ఇక్కడ రెసిడెంట్ అయినవాళ్ళకే. ఆ 20 లక్షలు పంపేటప్పుడు ఏడాదిలో 10 లక్షలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటారు, రిటర్న్‌లో తిరిగి వస్తుందనుకోండి, అయినా అప్పటిదాకా వాళ్ళ దగ్గరే. "ఇవన్నీ మీకు తెలుసు కదా మేడమ్" అన్నాడు. తెలుసు బాబూ, కాకపోతే అప్పుడు వేరేవాళ్ళకి చెప్పేదాన్ని. మెడికల్ పాలసీ కూడా అంతే, బయటి దేశంలో వైద్యానికి మాది పనికిరాదు, అది ముందే చదువుకున్నా.

తిరిగొచ్చేటప్పుడు ఆటో. దురైసామి సబ్‌వే దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే డ్రైవర్ వెనక్కి తిరిగి "తెలుంగా మా?" అన్నాడు. 1990లో నెల్లూరు నుంచి వచ్చాను, అప్పటినుంచి అరవంలోనే కూరగాయలు బేరమాడాను, అరవంలోనే కస్టమర్లతో పోట్లాడాను, ఇంకా రెండు వాక్యాలకే పట్టేస్తారు. నాకేం కోపం లేదు. ఇరవై ఆరేళ్ళప్పుడు వచ్చాను కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది, తప్పు మాట్లాడితే పక్క సీటు వాళ్ళు నవ్వి సరిదిద్దేవాళ్ళు, నవ్వించుకోవడానికి కూడా వయసుండాలి. థాయ్‌లో ఐదు స్వరాలట. "ఖావ్" అనే మాట ఒక రకంగా పలికితే అన్నం, ఇంకో రకంగా తెలుపు, మరో రకంగా వార్త. నా స్నేహితురాలు హోటల్లో అన్నం అడిగి ఏం అడిగిందో తెలీదు గానీ, వడ్డించే పిల్ల చాలాసేపు ఆలోచించి మెనూ కార్డు తెచ్చిచ్చిందట.

నా స్నేహితురాలికి అక్కడ ఒకటే చిరాకు, 90 రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి "నేను ఇంకా ఈ చిరునామాలోనే ఉన్నాను" అని తెలియజెయ్యాలి. మనకి ఇక్కడ నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ ఉంది, "నేను ఇంకా బతికే ఉన్నాను" అని. రెండూ చెయ్యాలి దానికి. ఉన్నాను, బతికే ఉన్నాను అని కాగితాల మీద చెప్పడమే పనైపోయిందే అంటుంది. ఇంకోటి, దేశం దాటేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఏడాది పొడిగింపు అంతటితో పోతుంది. ఒకసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లైనా అయితే 3,800. డబ్బు పెద్దది కాదు. కానీ అర్ధరాత్రి నెల్లూరు నుంచి ఫోన్ వస్తే ముందు పర్మిట్ ఉందా అని పాస్‌పోర్ట్ తిరగేయాలా? మా అమ్మకి ఎనభై ఏడు. ఇక్కడినుంచైతే సెంట్రల్‌కి పోయి ఏ రైలు ముందొస్తే అది ఎక్కేస్తాను, మూడు గంటలు.

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి వేపపువ్వు సంగతి చెప్పాను. "వాళ్ళు రోజూ తింటారా? పాపం" అంది.

సాయంత్రం అసలు చిక్కు బయటపడింది. డిపాజిట్ ఒకరి పేరు మీదుంటే చాలు, రెండోవాళ్ళు భార్యగానో భర్తగానో ఉండొచ్చు, కానీ దానికి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. మాకు లేదు! 1988లో నెల్లూరులో, మా ఇంటి ముందు పందిట్లో పెళ్ళి, ఎవరు రిజిస్టర్ చేయించారని. శుభలేఖ ఉంది, పసుపు మరకలతో. ఫొటోలు ఉన్నాయి, నేను ఏడుస్తున్నవి. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ రిజిస్ట్రేషనేదో చేయించేద్దాం, రేపు ఫ్యామిలీ పెన్షన్‌కైనా పనికొస్తుంది అన్నాను, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆయన సరే, ఎలాగూ ఉగాదికి నెల్లూరు వెళ్తున్నాం కదా అన్నారు. సాక్షులు కావాలి, పెళ్ళికి వచ్చినవాళ్ళైతే మంచిది.

రిజిస్టర్ కాగితం తిప్పి, బాట్ల లెక్కల వెనక పేర్లు రాయడం మొదలుపెట్టారు. మా మేనమామ. వాళ్ళ పెద్దన్నయ్య. పౌరోహిత్యం చేసిన శాస్త్రిగారు. ఎదురింటి హెడ్మాస్టరు గారు. రాసినవాళ్ళని రాసినట్టే నేను "లేరు" అంటున్నాను, ఆయన కొట్టేస్తున్నారు. పదకొండు పేర్లు రాస్తే నలుగురు మిగిలారు. అందులో ఒకరు హ్యూస్టన్‌లో ఉన్నారు.