వేపకి బిగిసిన తీగ

మళ్ళీ కట్టారు ఫ్లెక్సీ, మన వేపచెట్టుకే. పోయిన నెల విప్పించాం కదా, ఈసారి ఇనప తీగ రెండు చుట్లు తిప్పి, మూడంగుళాల మేకులు నాలుగు దించారు. మాను మొదట్లో పసుపు, బొట్టు. బొట్టుకి జానెడు పైన మేకు, దాని చుట్టూ తడి ఇంకా ఆరలేదు. పొద్దున్నే అత్త చెంబుడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నది ఆ మానుకే. కట్టిన కుర్రాణ్ణి అడిగితే "సెట్టుకేటవుతాదమ్మా" అన్నాడు. ఆ మాట రాత్రి దాకా వదల్లేదు నన్ను.

ఏమవుతుందంటే, నీళ్ళు కర్రలోంచి పైకి వెళ్తాయి, ఆకులు వండిన తిండి మాత్రం బెరడు లోపలి పొరలోంచి వేళ్ళకి దిగుతుంది. మాను లావెక్కే కొద్దీ తీగ బెరడులోకి దిగి ఆ దారి నొక్కేస్తుంది. తీగకి పైన ఉబ్బు తేలిందంటే కిందకి దిగలేని తిండి అక్కడ ఆగిందన్న మాట. నీళ్ళందుతున్నాయి కనక ఆకు పచ్చగానే ఉంటుంది, ఏడాదో రెండేళ్ళో చూసినవాళ్ళంతా బాగుందనే అంటారు. ఈలోగా కింద వేళ్ళు పస్తు. ఆ తర్వాత కొమ్మల చివర్లు ఎండుతాయి, ఏదో గాలివానకి మాను ఒరిగిపోతుంది.

తీగ కొత్తదైతే కటింగ్ ప్లేయరుతో తెంపి తీసేయొచ్చు. బెరడులో మునిగిపోతే మాత్రం లాగొద్దు, బెరడు పేలికలుగా ఊడొస్తుంది. పైకి కనపడిన చోటల్లా తెంపి, మిగతాది అలాగే వదిలేయాలి. నిన్న మొన్నటి మేకైతే నెమ్మదిగా పీకాలి, మాను మింగేసిన పాత మేకు జోలికి పోకూడదు. దెబ్బ మీద సిమెంటు, రంగు, తారు ఏదీ పూయొద్దు, లోపల చెమ్మ నిలిచి కుళ్ళుతుంది. చీలిన బెరడు అంచు పదునైన కత్తితో నున్నగా కోసి ఊరుకుంటే చాలు.

చెట్టుకి తగిలిన గాయం మన గాయంలా మానదు. చెడ్డ కర్ర చెడ్డదే. దాని చుట్టూ గోడ కట్టి, అంచుల్లోంచి కొత్త కర్ర పెదవుల్లా ముందుకొచ్చి మూసేస్తుంది. ఎన్నో ఏళ్ళకి కోసినా లోపలి మేకు రంపానికి తగులుతుంది. ఓర్పంటే ఇదేనని నా నమ్మకం. పిన్నికీ ఏళ్ళ తరబడి ఇదే చెప్తూ వచ్చాను: వేపలా కప్పేసుకో, దాని మీదుగా పెరుగు అని.

కానీ పిన్ని ఉండేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోటల మధ్య. కొబ్బరికి కప్పుకునే దారే లేదు. మాను లావెక్కించే పొర దానికి ఉండదు. ఎక్కడానికి కొట్టిన గాటు చూడండి, అంచులు నల్లబడి, లోపల పీచు తేలి, చీమలు వరసగా నడుస్తూ, కొట్టిన నాడు ఎంత లోతో ఎన్నేళ్ళకైనా అంతే లోతు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి జీడిమామిళ్ళు వేళ్ళతో సహా పడున్నాయి. కొబ్బర్లు కొన్ని నడుం విరిగాయి, కొన్నిటికి మొవ్వు, అంటే నడినెత్తిన ఉండే లేత చిగురు, మెలిపడింది. ఉన్నది ఒకటే మొవ్వు, అది పోతే పక్కనుంచి చిగురేసే చెట్టు కాదది. నిలబడ్డవాటిని చూసి, పోనీలే, వచ్చే ఏడు కాస్తాయి అనుకున్నాం. కొబ్బరి లెక్క అది కాదు. మొవ్వులో గెల మొలక పడ్డాక పువ్వు విచ్చడానికి రెండున్నరేళ్ళ పైన, కాయ ముదరడానికి ఇంకో 11, 12 నెలలు. ఆ రోజు మొవ్వుకి తగిలిన దెబ్బ అప్పటికింకా కంటికి ఆనని గెలలకీ తగిలింది. తుఫాను మాట ఊరంతా మర్చిపోయాక కూడా కాపు తక్కువే.

పిన్ని మూడో ఏడు ఏడ్చింది. ఇప్పుడెందుకే అన్నాను నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గాట్లన్నీ అలాగే ఉంటాయి కొబ్బరికి. పైన మాత్రం దాదాపు నెలకో ఆకు వేస్తుంది, ఆకు మొదట్లో ఒక గెల. ఇక కప్పేసుకోమని పిన్నికి చెప్పను.

ప్లేయరు బావ బండి డిక్కీలో ఉంది. వీధి లేవకముందే రెండు చుట్లూ తెంపేయాలి. తర్వాత పిన్నికి ఫోన్ చేసి, ఈసారి కాయల దింపు ఎప్పుడో అడగాలి.