డ్రోన్ ఎగరకముందు

ఖతార్‌లో నేనేం పని చేస్తానని ఎవరడిగినా మా అమ్మ "డ్రోన్లు ఎగరేస్తాడు" అని చెబుతుంది. నేను ఎగరేసేది తక్కువ, నడిచేది ఎక్కువ. డ్రోన్ పైకి లేవకముందే సైటంతా తిరిగి, నలుపు తెలుపు గళ్ళ పలకలు నేలమీద పరిచి, ఒక్కో పలక నడిమధ్య బిందువును జీపీఎస్ రోవర్‌తో (కర్రకి బిగించిన కొలత యంత్రం) సెంటీమీటర్ల లెక్కలో కొలిచి రాసుకోవాలి. వీటినే గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు అంటారు. డ్రోన్ ఫోటోల్లో ఈ పలకల్ని గుర్తుపట్టి, కొలిచిన లెక్కతో మ్యాప్‌ని సరైన చోట కూర్చోబెడతాం. సైట్‌లో అందరి నోటా జీసీపీలే. మా సర్వే టీంలో సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కుర్రాళ్ళే ఎక్కువ. ఆ పలకలు మోసేది వాళ్ళే.

ఈసారి సెలవుకి కవిటి వచ్చినప్పుడు మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, ఇప్పుడు ఆర్టీకే డ్రోన్లు వచ్చేశాయి కదా, ఇంకా పలకలెందుకు?" డ్రోన్ పైలట్ కోర్సు చేశాడు, గల్ఫ్ రావాలని చూస్తున్నాడు. ఆర్టీకే అంటే నేలమీది స్టేషన్ నుంచి వచ్చే సవరణలతో తన చోటును సెంటీమీటర్ల లెక్కలో తెలుసుకునే జీపీఎస్. మంచి ప్రశ్నే. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా మమ్మల్ని ఇదే అడుగుతారు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మన ఉద్దానంలో ఇలాంటి కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు.

మామూలు డ్రోన్‌లో ఉండే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఎత్తు విషయంలో ఇంకా అధ్వానం. ఫోటోలు ఒకదానికొకటి చక్కగా అతుక్కుంటాయి, మ్యాప్ చూడముచ్చటగా వస్తుంది. కానీ ఆ మ్యాపంతా ఉండాల్సిన చోటు నుంచి పక్కకి జరిగి ఉండొచ్చు. ఆర్టీకే డ్రోన్ ఈ బాధ చాలావరకు తీరుస్తుంది. ఫోటో తీసిన క్షణంలో కెమెరా ఎక్కడుందో కొన్ని సెంటీమీటర్ల తేడాతో చెప్పేస్తుంది. అయితే మనకు కావాల్సింది కెమెరా ఉన్న చోటు కాదు, కింద నేల. మధ్యలో లెన్స్ ఉంది. దాని ఫోకల్ లెంగ్త్, వంకరలు సాఫ్ట్‌వేర్ ఫోటోల నుంచే అంచనా వేసుకుంటుంది. ఆ అంచనాలో చిన్న తేడా వచ్చినా కెమెరా సరైన చోటే ఉంటుంది, నేల మాత్రం పైకో కిందకో పోతుంది.

ఇది నేను కళ్ళారా చూశాను. ఒక సైట్‌లో పలకలు పరిస్తే రోజు దండగని పైవాళ్ళు వద్దన్నారు. చదునైన యార్డు, కెమెరా నిట్టనిలువుగా కిందకి పెట్టి తీసిన ఫోటోలు. ఫోటోల నుంచి నేల మోడల్ తయారయ్యాక యార్డు మధ్యలో ఉబ్బి బోర్లించిన పళ్ళెంలా కనిపించింది. మా సీనియర్ సర్వేయర్ ముందుచూపుతో కొన్ని పాయింట్లు విడిగా కొలిపించి, సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకుండా దాచాడు కాబట్టి దొరికింది. వీటిని చెక్ పాయింట్లు అంటారు. లెక్కలో కలిపేసిన పాయింట్ల దగ్గర తేడా ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. పక్కన పెట్టిన పాయింట్లు చెప్పేదే నిజం. ఒక హెక్టారు మీద ఎత్తులో 10 సెంటీమీటర్ల తేడా వస్తే 1,000 ఘనపు మీటర్ల మట్టి. 20 ఘనపు మీటర్ల టిప్పర్లు 50. బిల్లు కట్టేది ఘనపు మీటరు లెక్కనే.

పలకలు ఎక్కడ పెట్టాలన్నది కూడా తెలియాలి. నాలుగు మూలలా, మధ్యలో తప్పకుండా ఉండాలి. మట్టి గుట్టలుంటే కింద ఒకటి, పైన ఒకటి. అన్నీ ఒకే వరసలో పెడితే పనికిరావు. 100 మీటర్ల ఎత్తు నుంచి మా కెమెరాలో ఒక పిక్సెల్ నేలమీద 2.7 సెంటీమీటర్లు, అందుకే పలక 60 సెంటీమీటర్లైనా ఉండాలి. మెరిసే పెయింట్ వద్దు, ఎండకి ఫోటోలో తెలుపు మరీ మెరిసిపోయి మధ్య బిందువు దొరకదు. షమాల్ (గల్ఫ్‌లో వాయవ్యం నుంచి వీచే గాలి) లేస్తే పలక కదిలిపోతుంది, లేదా ఇసుక కప్పేస్తుంది. గట్టి నేల దొరికితే మేకు కొట్టి పెయింట్ వేయడమే మేలు. కొలిచాక కదిలిన పలక, అసలు లేని పలక కంటే ప్రమాదం.

రోవర్ కర్ర పట్టుకునే మనిషిని నేను ఎప్పుడూ చిన్నచూపు చూడను, చూడనివ్వను. 2 మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వంగితే కొలత మూడున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో బయట పని చేయించకూడదని చట్టం. అందుకని చీకట్లోనే బస్సెక్కుతాం. పదిలోపు పలకలు పరవాలి, కొలవాలి, డ్రోన్ ఎగరాలి. ఆ టెన్షన్‌లో, చెమట కళ్ళలోకి కారుతుంటే, కర్ర నిలువుగా ఉందో లేదో చూపే బబుల్ నడిమికి తెచ్చి కదలకుండా నిలబడటం చిన్న పనేం కాదు. రిపోర్టులో వాళ్ళ పేర్లుండవు. ఉండాలని నా కోరిక.

"మరి మన తోటల్లోనో?" అన్నాడు వాడు. ఆంధ్రాలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో డ్రోన్ మనవాళ్ళకీ తెలిసిన వస్తువే. కానీ ఉద్దానం ఎడారి కాదు. కొబ్బరి, జీడి ఆకుల కింద నేల పైనుంచి కనబడదు. సర్వే రాయి అసలే కనబడదు. ఆకుల కింద రోవర్‌కి కూడా సిగ్నల్ సరిగా అందదు. పలకలు ఖాళీ జాగాల్లో, దారుల కూడలిలో పెట్టి, రాళ్ళని అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం కొలిచే యంత్రం) కొలవాలి. మా తోటకి హద్దుగా ఉన్న కొబ్బరిచెట్టు 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయింది. అప్పటి నుంచి పక్క తోటవాళ్ళతో మాటలు పెరిగాయి. 100 మీటర్ల గట్టు 40 సెంటీమీటర్లు జరిగితే దాదాపు సెంటు భూమి. మన దగ్గర అన్నదమ్ములు కోర్టుకెక్కేది అంతదానికే. పెద్ద సైట్ల కంటే ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. 84 డిగ్రీల రేఖాంశం మన జిల్లా మధ్య నుంచే పోతుంది. యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీసి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి. శ్రీకాకుళం టౌను యూటీఎం 44వ జోన్‌లో ఉంది, నరసన్నపేట దాటి ఇటు వచ్చేదంతా 45. సాఫ్ట్‌వేర్‌లో జోన్ మారిందంటే పాయింట్లు వందల కిలోమీటర్ల అవతల పడతాయి. ఖతార్‌లో ఆ దేశపు సొంత గ్రిడ్ ఉంటుంది. ఏ ఊరికి వెళ్ళినా ముందు అడగాల్సింది ఇదే.

వీసా వచ్చేలోపు ఏం నేర్చుకోవాలో మా మేనల్లుడికి చెప్పాను. ఎగరేయడం వాడికి వచ్చు. రోవర్ ఫిక్స్ అయిందా (సెంటీమీటర్ల లెక్కకి కుదిరిందా), ఫ్లోట్‌లో ఉందా (ఇంకా కుదరలేదా) చూడకుండా రీడింగ్ తీయకూడదు. కర్ర ఎత్తు ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. ప్రతి పలకకీ దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి ఫోటో తీసి పెట్టుకోవాలి. పలాసలో తెలిసిన సర్వేయర్ ఒకాయన దగ్గర రోవర్ ఉంది. సోమవారం నుంచి రమ్మన్నాడు.