బరంపురం జేబుతో బ్యాంకాక్

బ్యాంకాక్ వెళ్లొచ్చానంటే మా బరంపురంలో ముందు ఒక నవ్వు నవ్వుతారు, ఆ తర్వాత ఎంతయిందని అడుగుతారు. నవ్వు సంగతి వాళ్లకే వదిలేస్తున్నా, ఖర్చు సంగతి మాత్రం రాస్తాను. సముద్రం దాటడం ఒడిశాలోని మా గంజాం జిల్లాకి కొత్తేమీ కాదు, ఒకప్పుడు గోపాలపూర్ రేవులో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) పోయి కూలి చేసుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది, ఇప్పుడు సూరత్ రైలెక్కుతున్నారు. పని కోసమైతే ఎంత దూరమైనా పోతాం. ఊరు చూసి రావడానికైతే మాత్రం ప్యాకేజీ వాడి ఆఫీసుకి పరిగెడతాం, వాడేమో ఏసీ బస్సులో తిప్పి, పనీర్ బటర్ మసాలా తినిపించి, నాలుగు షాపులు చూపించి పంపేస్తాడు.

నా పద్ధతి వేరు. అక్కడ నెల జీతం మీద బతికే మనిషి ఎక్కడ తింటాడు, దేంట్లో తిరుగుతాడు, బట్టలెలా ఉతుక్కుంటాడు అని చూసి నేనూ అదే చేస్తాను. విమానం టికెట్ మన చేతిలో లేదు, విశాఖ, భువనేశ్వర్, కోల్‌కతా మూడూ చూసి ఏది చవకైతే అది పట్టుకోవడమే. మనవాళ్లని వీసా లేకుండా రానివ్వడం 2023 నవంబర్‌లో మొదలైంది, రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైట్ చూసుకోండి, యూట్యూబ్ వీడియో కాదు. 2025 మే నుంచి అరైవల్ కార్డు కూడా ముందే ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం, ఏ సైటైనా డబ్బు కట్టమందంటే అది సర్కారుది కాదు.

తిండి దగ్గరే అసలు తేడా. ఇంగ్లిష్ మెనూ, ఫొటోలు, గ్లాసు డోర్ ఉన్న చోట ఒక్క పూటకయ్యే డబ్బుతో సందులోని ఖావ్ గేంగ్ కొట్టులో రోజంతా తినొచ్చు. పొద్దున్నే వండేసి ట్రేలలో కూరలు వరసగా పెడతారు, మనం వేలు చూపిస్తే అన్నం మీద రెండు కూరలు వేసిస్తారు, నలభై నుంచి అరవై బాత్. బాత్ అంటే మన డబ్బుల్లో రెండున్నర రూపాయల పైమాటే. మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచి కూరలు మిగలవు, కాబట్టి పన్నెండు లోపే వెళ్లండి. స్పూనుతో తింటారు, ఫోర్కు స్పూన్‌లోకి తోసుకోవడానికే. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కి తప్ప పెద్దగా వాడరు, అనవసరంగా టెన్షన్ పడకండి. జిగురన్నం, కాల్చిన కోడి, బొప్పాయి సలాడ్ దొరికే ఈశాన్ (థాయ్ ఈశాన్య ప్రాంతపు) కొట్టుకెళ్తే ఆ జిగురన్నం చేత్తోనే తింటారు, అక్కడ మనం మనింట్లో ఉన్నట్టే. చేపసాసు మాత్రం దాదాపు అన్నింట్లో ఉంటుంది. ఎండుచేపల వాసన మధ్య పెరిగిన నాకేం కాలేదు గానీ శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు వెతుక్కోవాలి. దాన్ని జే తిండి అంటారు, అందులో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు కూడా ఉండవు, అచ్చం కార్తీకమాసంలో మా అమ్మ వంటలాగే.

భాష రాదని భయపడేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడేవాళ్లం, వేలు చూపించి కూర అడగడం మనకో లెక్కా!

తిరగడానికి టాక్సీ అక్కర్లేదు. సేన్ సేప్ కాలువ మీద పడవలు నడుస్తాయి, ఆఫీసు జనం వాటిలోనే వెళ్తారు, ఇరవై బాత్‌కి అటూ ఇటూ. కండక్టర్ హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద నడుస్తూ టికెట్లు కోస్తాడు, మురికినీళ్లు చిమ్మితే అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి పక్కనున్న టార్పాలిన్ పట్టా పైకి లేపాలి. పాత రాజధాని అయుత్తయకి థర్డ్ క్లాస్ రైలైతే ఇరవై బాత్ దగ్గర్లోనే. ఫ్యాన్లు, తెరిచిన కిటికీలు, బుట్టలతో ఎక్కే అమ్మకందార్లు, ఏసీ వ్యాన్‌లో వెళ్లినవాళ్లకి ఇదేమీ దొరకదు. సాయంత్రం ఆరింటికి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వస్తుంది, అందరూ నిలబడిపోతారు, మీరూ ఆగండి.

కుళాయి నీళ్లు తాగరు, వీధిలో ఉండే మెషీన్‌లో ఒక బాత్ వేసి సీసా పడితే లీటరు దాకా వస్తుంది. బట్టలకి కాయిన్ మెషీన్లున్నాయి. ఏటీఎం మాత్రం దోపిడీ, విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ 220 బాత్ పైనే కోస్తుంది, అందుకే తీస్తే ఒక్కసారే పెద్ద మొత్తం తీయండి.

ఎంత స్థానికుడిలా బతికినా గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గర మనం విదేశీయులమే, 500 బాత్, థాయ్ వాళ్లకి ఉచితం. దీని మీద మనవాళ్లు తెగ గొణుగుతారు. మన కోణార్క్‌లో మనకి 40 రూపాయలు, విదేశీయులకి 600, ఆ క్యూలో నిలబడి ఎప్పుడైనా గొణిగామా?

వచ్చే చలికాలం హనోయ్ అనుకుంటున్నా. అక్కడ కొన్నాళ్లు ఉండొచ్చినవాళ్లుంటే గది ఏ పేటలో తీసుకోవాలో చెప్పండి, టూరిస్టుల వీధి మాత్రం వద్దు.