ఎంతసేపు నిలబడ్డారు?

ఫీల్డ్ ట్రిప్ నుంచి తిరిగొచ్చినా, ఏదైనా కార్యక్రమం చూసి వచ్చినా మనకు ఆపరేషన్స్ పాఠం చెప్పిన మేడం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ నిలబడ్డారు? ఎంతసేపు?" మొదట్లో అది ఉత్త చాదస్తం అనిపించేది. గుడికెళ్లి వచ్చినవాళ్లను దర్శనం బాగా అయిందా అని అడుగుతారు గానీ, క్యూ ఎక్కడ మలుపు తిరిగింది, ఆ మలుపులో ఫ్యాను ఉందా అని ఎవరైనా అడుగుతారా?

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికలో తెలుగు పేజీలకు ఏదైనా రాయమన్నప్పుడు కోర్సు గురించి పెద్దగా ఏం చెప్పాలో తోచలేదు. మేడం ప్రశ్న ఒక్కటే గుర్తొచ్చింది. పట్టాలో టూరిజం అనీ, ఈవెంట్ మేనేజ్‌మెంట్ అనీ రెండు పేర్లు రాసిచ్చారు గానీ, రెండింట్లోనూ మనం చేసే పని ఒక్కటే. వచ్చిన మనిషిని ఊరికే నిలబెట్టకుండా చూడటం. నిలబెట్టక తప్పకపోతే, ఎందుకు నిలబెట్టామో చెప్పడం. మిగతాదంతా పోస్టర్లూ ఫొటోలూ.

మాది సూళ్లూరుపేట. ఒక పక్క శ్రీహరికోట, ఇంకో పక్క పులికాట్ సరస్సు, దగ్గర్లోనే గూడబాతులు గూళ్లు కట్టుకునే నేలపట్టు. ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే ఊరు కాబట్టి టూరిజం అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. అయినా నేను ఈ కోర్సులో చేరతానంటే మా మామ "ఏంది పాపా, ఊళ్లు తిరిగేదానికి గూడా చదువుండాదా?" అన్నాడు. ఉందని చెప్పి చెన్నై లోకల్ ఎక్కేశాను.

మొదటి సెమిస్టర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1841లో థామస్ కుక్ మద్యపాన వ్యతిరేక సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరోకు తలకొక షిల్లింగు తీసుకుని రైల్లో జనాన్ని తీసుకెళ్లడం, మన దేశంలో టూరిజం మీద వేసిన 1945 నాటి సార్జెంట్ కమిటీ, 1966లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ పర్యాటక సంస్థ ఐటీడీసీ, ఇవన్నీ సీనియర్ల జిరాక్సు నోట్సులోంచి మన జిరాక్సు నోట్సులోకి వచ్చిన సంగతులే. పర్యాటక ఊళ్లు ఎలా ఎదిగి ఎలా వాడతాయో చూపిస్తూ 1980లో బట్లర్ గీసిన గీత మాత్రం ఆసక్తిగా ఉండేది. ఒక ఊరికి మొదట నలుగురు వస్తారు, ఊరివాళ్లు టీ కొట్లు పెడతారు, తర్వాత హోటళ్లు లేస్తాయి, రద్దీ ముదురుతుంది, ఆపైన ఊరు వాడిపోవడమో మళ్లీ చిగురించడమో జరుగుతుంది. దాన్ని విదేశీ బీచ్‌ల మీద కాకుండా పులికాట్ మీదో, చెన్నై నుంచి మహాబలిపురం వైపు వెళ్లే మన ఈసీఆర్ రోడ్డు మీదో చెప్పి ఉంటే ఇంకా బాగా తలకెక్కేది. ఇప్పటి సిలబస్ కమిటీ వాళ్లు చదువుతుంటే గమనించగలరు.

విమాన టికెట్లు బుక్ చేసే సాఫ్ట్‌వేర్ నేర్పే అమెడియస్ ల్యాబ్ వేరే లోకం. మౌసుతో పనిలేదు, అంతా కమాండ్లే. ఏఎన్ కొట్టి తేదీ, ఎక్కే ఊరు, దిగే ఊరు వేస్తే విమానాల వరుస వస్తుంది. ఎస్ఎస్‌తో సీటు, ఎన్ఎంతో పేరు, ఏపీతో ఫోన్ నంబరు, ఆ తర్వాత టికెట్ వివరాలకు టీకే, బుక్ చేయమన్నది ఎవరో రాయడానికి ఆర్ఎఫ్, చివర ముగించడానికి ఈటీ. మధ్యలో ఏది తప్పినా పీఎన్ఆర్ పుట్టదు. ఊరి పేరు 1996లోనే మద్రాసు నుంచి చెన్నైగా మారినా విమానాల లెక్కలో దీని కోడ్ ఇప్పటికీ ఎంఏఏనే. మనవాళ్లు మాత్రం వీజీఏ, వీటీజెడ్, టీఐఆర్ కొట్టుకుంటూ విజయవాడ, విశాఖ, తిరుపతి తిరిగేవాళ్లు. అసలు తంటా పేర్ల దగ్గర వచ్చేది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, తమిళవాళ్లకు తండ్రి పేరు తాలూకు ఇనీషియల్, పాస్‌పోర్టులో ఒకలా, మిగతా కార్డుల్లో ఇంకోలా. ల్యాబ్ సార్ ఇక్కడ మాత్రం అస్సలు వదిలేవారు కాదు. "నువ్వు పేరు తిరగేసి కొడితే ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర నిలబడేది నువ్వు కాదు, ఆ ప్రయాణికుడు" అనేవారు. ఆయనా మేడం పార్టీయే అన్నమాట.

మహాబలిపురం ట్రిప్‌కు వెళ్లేముందు అందరూ పల్లవుల మీద నోట్సు రాసుకున్నారు. మామల్లుడెవరు, రాజసింహుడెవరు, 1984లో యునెస్కో జాబితాలో చేర్చిన కట్టడాలేవి... మేడం అవన్నీ పక్కన పెట్టించి, తలా ఒక మ్యాపు చేతిలో పెట్టారు. అందులో ముందు నీడ ఎక్కడుందో గుర్తు పెట్టాలి, తర్వాత తాగే నీళ్లు, తర్వాత టాయిలెట్లు, తర్వాత బస్సు ఆగే చోటు. శిల్పాలు అన్నిటికన్నా చివర. అర్జునుడి తపస్సు అనే ఆ పెద్ద రాతి శిల్పం తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున్నే వెళితే ఎండ సూటిగా దానిమీద పడి ప్రతి బొమ్మా తేలి కనిపిస్తుంది, చూసేవాళ్లకు ఎండ వీపు మీద ఉంటుంది. అదే మధ్యాహ్నం తర్వాతైతే ఎండ రాయికి వెనక్కి మళ్లి, బొమ్మలన్నీ నీడలో కలిసిపోతాయి. గైడ్ ఎప్పుడూ ఎండ తన కళ్లలో పడేలా నిలబడాలి, జనం కళ్లలో కాదు. పంచ రథాల దగ్గర నీడ తక్కువ కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎవరినీ అక్కడికి తీసుకెళ్లకూడదు. గంటన్నర సేపు చరిత్ర మాటే ఎత్తలేదు. ఆఖర్న ఆ రాతి మీద ఒంటికాలి మీద తపస్సు చేస్తున్న పిల్లిని, దాని దగ్గర చేరిన ఎలుకల్ని చూపించి, "పిల్లలున్న గ్రూపైతే ఏనుగుల కంటే ముందు దీన్ని చూపించండి. ఆ తర్వాత పది నిమిషాలు మీరేం చెప్పినా వింటారు" అన్నారు.

చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో అమరావతి గ్యాలరీ ముందు తెలుగులో గైడింగ్ ప్రాక్టీసు చేసే అవకాశం తెలుగువాళ్లమని మాకొచ్చింది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాల పలకల్లో చాలావాటిని 1859లో లండన్‌కు పంపించేశారు. మిగిలినవి మన కృష్ణాతీరం నుంచి వచ్చి మద్రాసులో ఉండిపోయాయి. చెప్పాల్సింది బోలెడు. కానీ ఒక పలక ముందు అయిదు నిమిషాలు దాటితే వెనక వరుసలో ఫోన్లు బయటికొస్తాయి. ఆ అయిదు నిమిషాల్లో ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పటికీ వదిలేసినవాటి మీదే నాకు బెంగ.

అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది తిరుపతి గొడుగుల ఊరేగింపు. తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నై నుంచి గొడుగులు వెళ్లడం పాత ఆచారం. చెన్నకేశవ పెరుమాళ్ గుడి దగ్గర బయల్దేరి, షావుకారుపేట సందులు దాటి, యానైకవుని దాటి, దారి పొడవునా ఊళ్లవాళ్ల మొక్కులందుకుంటూ నడిచి కొండకు చేరతాయి. మమ్మల్ని సందుకిద్దరు చొప్పున నిలబెట్టి, నిమిషానికి ఎంతమంది కదులుతున్నారో లెక్కపెట్టమన్నారు. లెక్క రెండో సందు దగ్గరే తప్పిపోయింది, ఎందుకంటే జనం ఒకే దిక్కుకు కదలరు. ఇంటి అరుగు మీద ముసలావిడ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కింటి కుర్రాళ్లు మజ్జిగ గ్లాసులు అందిస్తున్నారు. ఒకాయన కర్పూరం ప్యాకెట్టు పట్టుకుని, గొడుగు ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. తమిళం, తెలుగు, మార్వాడీ అన్నీ కలిసిపోయి చివరికి గోవిందా అన్న చోట మాత్రం అందరిదీ ఒకే మాట. గంటల తరబడి నిలబడ్డా విసుక్కున్న మొహం ఒక్కటి కనపడలేదు.

మర్నాడు క్లాసులో డేవిడ్ మైస్టర్ పాఠం చెప్పారు. నిరీక్షణ మీద 1985లో ఆయన రాసిన వ్యాసం మన రంగంలో అందరూ చదవాల్సినదే. ఖాళీగా ఎదురుచూసే సమయం, ఏదో చేస్తూ ఎదురుచూసే సమయం కన్నా పొడుగ్గా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియనిది, ఎందుకో చెప్పనిది, న్యాయంగా లేనిది ఇంకా పొడుగు. వెనకొచ్చినవాడు పక్క గేటులోంచి ముందుకెళ్లిపోతే అయిదు నిమిషాలు కూడా అరగంటే. మేడం మావైపు తిరిగి "మీ తిరుమల చూసిన మనిషికి ఈ పాఠం అక్కర్లేదు" అన్నారు. నిజమే, కంపార్టుమెంటులో కూర్చోబెట్టి పాలూ అన్నం పెట్టడం, టోకెన్ మీద టైం వేసివ్వడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. దానికి థియరీ ఉందని తెలియదంతే.

ఆఖరి ఏడాది డిపార్టుమెంట్ సదస్సు మా చేతుల్లో పెట్టారు. స్టేజీ, బ్యానరు, జ్ఞాపికల కోసం కొట్టుకున్నవాళ్లు చాలామంది. భోజనాలు ఎవరూ అడగలేదు కాబట్టి నాకొచ్చాయి. మన పెళ్లిళ్లలో బంతి భోజనాల సంగతి తెలిసిందే: తినేవాడింకా పెరుగు దగ్గరే ఉంటాడు, ఆయన కుర్చీ పట్టుకుని వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. ఆకు మడిచేదాకా ఇద్దరికీ టెన్షనే. బఫే పెడితే ఆ బాధ పోతుందనుకుంటారు గానీ, టేబుల్‌ను గోడకు ఆనించి పెడితే ఒకవైపే వరుస. నాలుగడుగులు ముందుకు లాగి రెండువైపులా గరిటెలు పెడితే అదే వంటకాలతో రెండు వరుసలు. నీళ్లు, స్వీటు, పెరుగన్నం అదే టేబుల్ మీద పెట్టకుండా దూరంగా వేరే కౌంటర్లలో పెడితే సగం గొడవ తీరినట్టే. కేటరింగ్ మేస్త్రి మొదట ఒప్పుకోలేదు, మనుషులు ఎక్కువ కావాలన్నాడు. సాయంత్రానికి తనే ఇంకో ఫంక్షన్‌కు ఇలాగే పెట్టమని చెప్తానన్నాడు.

సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమాలు ఆరుబయట. మామూలుగానే ముఖ్య అతిథి ఆలస్యం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. కాబట్టి ఉపన్యాసం ఎంత సాగితే డ్యాన్సులు అంత కుదించుకోవాల్సిందే. ఎవరి పాట కత్తిరించారన్నది ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపులో తెగని తగాదా. నేనందులో తలదూర్చను.

2020లో మన రంగం మూతపడ్డప్పుడు చాలామంది వేరే దారులు పట్టారు. మా బ్యాచ్ కుర్రాడొకడు మరుసటేడాది టీకా శిబిరంలో వలంటీరుగా చేరాడు. మొదటిరోజే అక్కడ టోకెన్లు, టీకా అయ్యాక అరగంట కూర్చోవడానికి వేరే గది, బయటికి వెళ్లడానికి వేరే దారి పెట్టించాడట. "చదివింది ఇదే గదా" అన్నాడు ఫోన్లో. నేను ఇప్పుడు చెన్నైలోనే కంపెనీల సమావేశాలు, సదస్సులు చూసుకుంటున్నాను. మా మామ కూడా శ్రీహరికోటలో రాకెట్ చూడటానికి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఏ టైముకు బయల్దేరాలో, బండి ఎక్కడ ఆపాలో నన్నే అడుగుతాడు.

ఇక సమ్మేళనం కమిటీకి ఒక మనవి. రిజిస్ట్రేషన్ డెస్కులు పేర్లలోని మొదటి అక్షరాన్ని బట్టి విడగొట్టాలని ఆహ్వానపత్రంలో రాశారు. దయచేసి మార్చండి. మనవాళ్లలో కె, ఎస్, వి అక్షరాల దగ్గరే సగం జనం పోగవుతారు. ఇంటిపేరు చూడాలా అసలు పేరు చూడాలా అని మిగతా సగం అడుగుతూ నిలబడతారు. నిమిషానికి పదిమంది వస్తుంటే డెస్కు ఎనిమిదిమందినే పంపగలిగితే, అరగంటలో అరవైమంది ఎండలో ఉంటారు. చేరిన సంవత్సరాన్ని బట్టి విడగొట్టండి. అది ఎవరూ మర్చిపోరు, పైగా వరుసలో ముందూ వెనకా తెలిసినవాళ్లే ఉంటారు కాబట్టి కాస్త ఆలస్యమైనా ఎవరూ గొణగరు. మజ్జిగ కౌంటరు మాత్రం గేటు దగ్గరే పెట్టండి.